రోడ్డెక్కిన పడవ

ఆస్పత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ అతను ‘సైరన్’. ఇరవై ఏళ్లకు పైగా అంబులెన్సు నడిపీ నడిపీ మనిషికీ బండికీ తేడా చెరిగిపోయింది. ఇంకా చెప్పాలంటే బండికైనా ఆగడం తెలుసు, అతనికి తెలియదు. భోజనం నిలబడే చేసేవాడు. స్నానానికి వెళ్లాడు కదా అని భార్య తువ్వాలు తెచ్చేలోపు తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసేవాడు. దేనితో తుడుచుకునేవాడో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఇంట్లో గోడకున్న ఫొటోల్లో అందరూ కుదురుగా నవ్వుతుంటారు. అతనుండాల్సిన చోట మాత్రం ఓ మసక చార.

పని అలాంటిది మరి. ఫోన్ మోగితే కాళ్లకి చెప్పులున్నాయో లేదో చూసుకోకుండా పరిగెత్తాలి. ఊళ్లో ఏ సందు ఏ వేళకి మూసుకుపోతుందో, ఏ గల్లీలో బండి తిప్పుకోవచ్చో అతనికి కొట్టినపిండి. పనిలో అతనికి వంక పెట్టినవాళ్లు లేరు. బండిలో తోడు వెళ్లే నర్సు మాత్రం అప్పుడప్పుడూ అనేది: “ఈయన బండెక్కితే రోగికి సగం నొప్పి మాయమైపోతుంది. నొప్పి మీద ధ్యాస ఉంటేగా, ప్రాణమంతా మలుపుల మీదే!”

అలాంటి మనిషిని సముద్రం ఒడ్డు వెంట వారం రోజుల ప్రయాణానికి ఒప్పించింది అతని భార్య. ఆమె బడిలో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతుంది; మొండివాళ్లని దారికి తేవడం ఆమెకి రోజూ ఉండే పనే.

“ఈసారి సెలవు పెట్టకపోయారో, గుండె పట్టుకుని పడిపోయినట్టు మీ బండికే ఫోన్ చేస్తాను. అలాగైనా పగటిపూట ఇంటికొస్తారు.”

“అలాంటి హాస్యాలు ఆడకే.”

“హాస్యం కాదు. నెంబరు కూడా నాకు నోటికొచ్చు.”

సెలవు దొరికింది. కాలేజీలో చేరబోతున్న కూతురు కారు వెనక సీట్లో చేరింది. ఎల్ బోర్డు తెచ్చుకుని నెలలైనా తండ్రి స్టీరింగు ముట్టుకోనివ్వలేదని ఆ పిల్లకి లోలోపల ఉక్రోషంగానే ఉంది. ఆమె పక్కన, ఎవరూ పిలవకుండానే, అత్తగారు వచ్చి కూర్చుంది. అత్తగారు పదవీ విరమణ చేసిన సిటీ బస్సు కండక్టరు. జీవితమంతా డ్రైవర్లకి ‘ఆపు’, ‘పోనీ’ అని చెప్పి బతికిన మనిషి. అల్లుడు కూడా డ్రైవరే అయ్యేసరికి ఆ అలవాటు మానుకోవడానికి ఆమెకి వీలు చిక్కలేదు.

మొదటి రోజు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే ఎవరికీ ఏమీ కనపడలేదు. కొండ అంచున మెలికలు తిరిగే రోడ్డు, కింద తెల్లటి నురగతో చిన్న చిన్న అఖాతాలు, గాలికి ఒక పక్కకి వంగిన చెట్లు ఉంటాయని విన్నారు. అవన్నీ కిటికీలోంచి ఒకదాని వెంట ఒకటి దూసుకుపోయాయి. ముందున్న ప్రతి బండినీ సైరన్ దాటేశాడు. దాటడానికి బండి లేనప్పుడు దిగులుగా కనిపించాడు.

“అల్లుడుగారూ, ఇందాక కుడిపక్క నీలంగా ఏదో పోయింది, అదేనా సముద్రం?” అని అడిగింది అత్తగారు.

“అదేనండీ.”

“బాగుందా?”

“మళ్లీ వస్తుంది లెండి, చూద్దురుగాని.”

మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. సాయంత్రానికి చేరాల్సిన బసకి మిట్టమధ్యాహ్నానికే చేరారు. బస యజమానురాలు చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, “మీరు రావాల్సింది ఇవాళేనా?” అని ఆశ్చర్యపోయింది. గదిలో ముందు రోజు దిగినవాళ్ల దుప్పట్లు ఇంకా మంచం మీదే ఉన్నాయి. సైరన్ గడియారం చూసుకుని భార్య వైపు గర్వంగా తిరిగాడు. ఆమె సామాను దింపుతూ కూతురితో మెల్లగా, “ఎవరో మనల్ని ఆస్పత్రిలో చేర్చినట్టుంది కదూ” అంది. ఆ మాట అతని చెవిన పడింది. పడనట్టే పెట్టె మోసుకుని లోపలికి పోయాడు.

రెండో రోజు పొద్దున్నే బయలుదేరారు. కొంత దూరం అన్నీ అతను అనుకున్నట్టే జరిగాయి. తర్వాత ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా రోడ్డంతా నిండిపోయి, కొండకీ అంచుగోడకీ మధ్య ఇరుక్కున్నట్టుగా, ఒక పడవ వెళుతోంది.

పడవంటే చేపల చిన్న తెప్ప కాదు. రెండంతస్తుల ఇల్లంత పడవ. కింద ఎర్రరంగు, పైన తెలుపు, ఇంకా తడి ఆరని వార్నిషు వాసన. పొడవాటి లారీ వెనక బల్ల మీద గొలుసులతో బిగించి ఉంది. చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూడాలంటే కాసేపు కళ్లార్పకుండా చూడాలి. లారీ వెనకాల గళ్ల కండువా తలకి చుట్టుకున్న ఒకావిడ ఎర్రజెండా పట్టుకుని తాపీగా నడుస్తోంది.

సైరన్ హారన్ కొట్టాడు. ఆవిడ వెనక్కి తిరిగి, పెళ్లిలో చుట్టాన్ని చూసినట్టు చిరునవ్వు నవ్వి, జెండా ఊపింది. మళ్లీ కొట్టాడు. ఈసారి ఆవిడ కిటికీ దగ్గరికే వచ్చింది.

“ఎందుకన్నా, దాని చెవులు చిల్లులు పడేలా కొడతావు? అది పడవ. దానికి పక్కకి తప్పుకోవడం రాదు.”

“దారి ఎక్కడిస్తారమ్మా?”

“రేవు దగ్గర.”

“రేవెక్కడ?”

ఆవిడ చెయ్యి చాచి దూరంగా చూపించింది. కొండలు ఒకదాని వెనక ఒకటి సముద్రంలోకి ముక్కులు చాపుకుని ఉన్నాయి. ఆ చివరి ముక్కుకి అవతల పొగలాగా ఏదో ఊరు. “ఆ కనిపించేదాని పక్కనే. పొద్దు వాలేలోపు చేరిపోతాం. కంగారు పడకు.”

సైరన్ వెనక్కి తిప్పుదామని అద్దంలో చూస్తే అప్పటికే వెనక బండ్ల తోక మలుపు దాటింది. ఎడమన కొండ, కుడిన అంచుగోడ, దాని కింద సముద్రం. పక్కదారి ఒక్కటీ లేదు. మొదటి గేరులో, కాలు బ్రేకు మీద, ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

కొంతసేపటికి వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

“ఎక్కడికండీ?” అన్నాడు.

“నడుస్తాను” అంది అత్తగారు. “నడిస్తే మీకన్నా ముందే చేరేలా ఉన్నాను.”

ఆమె అన్నంత పనీ చేసింది. చేతులు వెనక్కి కట్టుకుని కారు దాటి, జెండా ఆవిడని కలుసుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ పది అడుగులు పడకముందే పకపకా నవ్వులు వినపడ్డాయి. ఆవిడ పడవ కట్టిన మేస్త్రి భార్యట. రెండేళ్లు ఇంటి వెనక పెరట్లో కట్టారట ఆ పడవని. పూర్తయ్యాక చూస్తే పెరటి గేటు పట్టలేదట. గేటు పక్క గోడ పడగొట్టి బయటికి తీశారట. ఇదంతా అత్తగారు రోడ్డు మధ్య నుంచి, బస్సులో వెనక సీటు దాకా వినపడాల్సిన గొంతుతో, కారులోవాళ్లకి అందించింది.

ఆ తర్వాత జెండా చేతులు మారింది. కండువా ఆవిడ మోకాళ్లు పట్టుకుని లారీ బల్ల అంచున ఎక్కి కూర్చుంది. ఎర్రజెండా అత్తగారి చేతికొచ్చింది. సైరన్ ఆ దృశ్యం చూసి స్టీరింగు మీద నుదురు ఆనించాడు.

“హోల్డాన్!” అని అరిచింది అత్తగారు, అతని కారు వైపు జెండా చాచి. “కొంచెం వెనక ఉండాలి అల్లుడుగారూ! సందివ్వండి!... ఆఁ, ఇప్పుడు రైట్ రైట్!”

వెనక బండ్లవాళ్లు చప్పట్లు కొట్టారు. భార్య నవ్వు ఆపుకోలేక దిగిపోయి గోడ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంది. కూతురు ముందు సీట్లోకి వచ్చి, ఇదే అదను అని, “నాన్నా, నేను నడపనా?” అంది.

“ఈ రోడ్డు మీదా? కొండ అంచునా?”

“నాన్నా, అమ్మమ్మ మనకన్నా స్పీడుగా వెళ్తోంది.”

సీట్లు మారారు. మొదట్లో కారు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. సైరన్ తన వైపు లేని బ్రేకుని తొక్కీ తొక్కీ కాలు నొప్పి పుట్టించుకున్నాడు. “క్లచ్చి మెల్లగా వదులు... మెల్లగా... అమ్మా, అది గేరు, విరిచెయ్యకు!” కానీ కాసేపటికి ఆ పిల్ల కుదురుకుంది. నాలిక కొస పళ్ల మధ్య పెట్టుకుని, పడవ తోకనే చూస్తూ, చక్కగా నడపసాగింది. అతను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. అలా కుడివైపు తల తిప్పాడు.

సముద్రం అక్కడే ఉంది.

ఎంత పెద్దదో అనుకున్నాడు ముందు. తర్వాత రంగులు కనపడ్డాయి. ఒడ్డు దగ్గర గాజుసీసా పచ్చదనం, కొంచెం అవతల నీలం, ఇంకా అవతల ఏ పేరూ పెట్టలేని రంగు. రాళ్ల మధ్య అల వచ్చి పగిలి, వెనక్కి పోతూ గులకరాళ్లని దొర్లించే చప్పుడు పైదాకా వినిపిస్తోంది. కొండ వాలులో పసుపురంగు చిన్న పూలు.

“నేను కాస్త దిగుతానే” అన్నాడు కూతురితో.

“దిగు నాన్నా. నేను చూసుకుంటాలే” అంది ఆ పిల్ల, ఏళ్ల తరబడి నడుపుతున్నట్టు.

భార్యాభర్తలు గోడ పక్కన నడిచారు. పెళ్లయిన కొత్తలో ఎప్పుడో అలా నడిచిన గుర్తు. ఆమె రెండడుగులు వేస్తే అతను నాలుగు వేసి, మళ్లీ ఆగి, మళ్లీ ముందుకి పోతున్నాడు. చివరికి ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అడుగు కలిసింది.

“ఏమిటాలోచన?” అని అడిగింది.

“ఏం లేదు. మొన్న ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాను. ఊపిరాడటం లేదు, అయినా దారంతా ఇంట్లో కుక్క గురించే గొడవ. దానికి ఎవరు తిండి పెడతారు, ఎవరు తిండి పెడతారు అని.”

“తర్వాత?”

“తర్వాతేముంది. ఆస్పత్రి తలుపు దగ్గర దింపేశాను. ఇంకో ఫోనొచ్చింది.”

“ఎలా ఉన్నాడో కనుక్కోలేదా?”

“ఎప్పుడూ కనుక్కోను.” గోడ మీది గులకరాయి ఒకటి తీసి కిందికి విసిరాడు. “కనుక్కుంటే, చెడ్డ కబురు వింటే, తర్వాతి మలుపులో చెయ్యి వణకదూ? అందుకని తలుపు దగ్గరితో నా పని అయిపోయిందనుకుంటాను.”

ఇన్నేళ్లలో ఆ మాట ఆమెకి ఎన్నడూ చెప్పలేదు. ఆమె అతని చొక్కా చెయ్యి వదిలి, వేళ్లు పట్టుకుంది.

మధ్యాహ్నం ఒక వంపు దగ్గర పడవ ఇరుక్కుంది. కొండ నుంచి ఒక బండ ముందుకి పొడుచుకొచ్చింది, అటు గోడ. పడవ పొట్ట పట్టేలా లేదు. సైరన్‌కి ఒంట్లో ప్రాణం లేచొచ్చినట్టయింది. పరుగున లారీ ముందుకి వెళ్లాడు.

“అన్నా, కొంచెం వెనక్కి తీసి, స్టీరింగు కుడికి పూర్తిగా తిప్పి, ఒక్క ఊపులో...”

లారీ డ్రైవరు ఇంజను ఆపేసి, మెట్టు మీద కూర్చుని, ఉడకబెట్టిన గుడ్డు పెంకు తీస్తున్నాడు. కొండంత మనిషి, చంటిపిల్లాడి ముఖం. “కూర్చో అన్నా” అన్నాడు. “తిన్నావా?”

“పడవ ఇరుక్కుంది కదా!”

“ఇరుక్కుందిగా, ఇంకెక్కడికీ పోదు. తిన్నాక చూద్దాం. ఆకలి మీద మలుపు తిప్పితే ఏదో ఒకటి గీసుకుంటుంది.” గుడ్డు రెండుగా చీల్చి ఒక సగం చాచాడు.

సైరన్ ఆ సగం గుడ్డు పట్టుకుని నిలబడిపోయాడు. చుట్టూ చూస్తే అప్పటికే గోడ పొడుగునా జనం కూర్చుని మూటలు విప్పుతున్నారు. వెనక బండిలోంచి ఎవరో నారింజలు పంచుతున్నారు. ఇంకెవరో రొట్టె ముక్కలకి వెన్న రాస్తున్నారు. అత్తగారు జెండా చంకలో పెట్టుకుని, వరసలో అందరికీ అందిందో లేదో చూస్తూ “ముందుకి జరగండి, ముందుకి జరగండి, వెనక చోటుంది” అంటోంది. పక్కనే ఖాళీ ఉంది. అతను కూర్చున్నాడు. కాళ్లు గోడకి అవతల వేలాడేసి, సముద్రం మీద ఎండ చూస్తూ, ఆ సగం గుడ్డునీ ఒక నారింజనీ ఎంత నెమ్మదిగా తిన్నాడంటే, తొనల్లోంచి గింజలు ఏరి పక్కన పెట్టడం భార్య కళ్లారా చూసింది.

తిన్న తర్వాత మేస్త్రి వచ్చాడు. బక్కపల్చని మనిషి, చేతివేళ్లకి తారు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, లారీ చక్రాల్లో కొంచెం గాలి తీయించాడు. బల్ల కిందికి దిగింది. పడవ పొట్టలో వెడల్పు భాగం బండ కిందికి చేరింది. డ్రైవరు తల కిటికీలోంచి బయట పెట్టి, పిల్లిలా ముందుకి పోనిచ్చాడు. రంగుకీ రాయికీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు. తోక కూడా దాటగానే రోడ్డంతా ఈలలు, కేకలు. సైరన్ అందరికన్నా గట్టిగా అరిచాడు. కూతురు కారులోంచి హారన్ మోగించింది, అప్పటికి తొమ్మిదోసారో పదోసారో.

చెప్పినట్టే పొద్దు వాలేలోపు రేవు చేరారు. దారి దొరికింది. వెనక ఉన్న బండ్లు జుయ్యిమని ముందుకి పోవాలి కదా, ఒక్కటీ పోలేదు. అందరూ బండ్లు పక్కన పెట్టి ఒడ్డుకి వచ్చారు. పొద్దుటి నుంచి దాని వెనకే నడిచినవాళ్లు, అది నీళ్లలో దిగడం చూడకుండా ఎలా పోతారు? ఏటవాలుగా పరిచిన దుంగల మీదికి పడవని జార్చారు. మోకులు వదిలారు. అది మొదట మొరాయించినట్టు ఆగి, తర్వాత ఒక్కసారిగా సర్రున జారి నీళ్లలోకి పోయి, రెండు పక్కలా అల లేపి, అటూ ఇటూ ఊగి నిలబడింది. రోడ్డు మీద ఇల్లంత కనిపించినది నీళ్ల మీద ఎంత చిన్నదైపోయిందో!

“నడిచొచ్చినవాళ్లు ఎక్కొచ్చు!” అని మేస్త్రి కేకేశాడు. మాట పూర్తి కాకముందే అత్తగారు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో మోకాళ్లదాకా దిగింది.

“ఎక్కడిదాకా వెళ్తుంది?” అని అడిగాడు సైరన్, ఎక్కుతూ.

“ఎక్కడికీ వెళ్లదు. ఆ రాతి చుట్టూ తిరిగి ఇక్కడికే వస్తుంది” అని నీళ్లలోంచి పైకి లేచిన బండని చూపించాడు మేస్త్రి.

అతనికి ఆ మాట కాసేపు అర్థం కాలేదు. ఎక్కడికీ వెళ్లని బండిని అతను జీవితంలో ఎక్కలేదు. మేస్త్రి పక్కనే కూర్చుని, “కట్టిన ప్రతి పడవలోనూ ఇలా మొదట మీరే తిరుగుతారా?” అని అడిగాడు.

“తిరక్కపోతే ఎట్లా? కట్టి చేతులు దులుపుకుంటే సరా? తేలిందో లేదో చూసుకోవద్దూ?”

“మునిగితే?”

“ఒకటి మునిగింది. ఈదుకుంటూ వచ్చాను.” మేస్త్రి నవ్వాడు. “తర్వాతది ఇంకా బాగా కట్టాను.”

సైరన్ చెక్కపలకల మీద వెల్లకిలా పడుకున్నాడు. పైన ఆకాశం మెల్లగా అటూ ఇటూ వంగుతోంది. మునివేళ్ల దాకా ఒళ్లంతా వదులైపోయింది. పడవ రాయి చుట్టూ తిరిగేసరికి గురక వినపడింది. భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, నవ్వుతూనే అతని తల తీసి ఒళ్లో పెట్టుకుంది. “ష్, లేపకండి” అని అందర్నీ గదమాయించింది అత్తగారు, ఎవరూ లేపే ప్రయత్నం చేయకపోయినా.

అనుకున్న ఊళ్లలో సగం వాళ్లు చూడనే లేదు. ఆ రేవు పక్కనే రెండు రోజులు ఉండిపోయారు. మిగిలిన దారిలో ఎక్కడ ఇసక బాగుంటే అక్కడ ఆగారు. కూతురు నాలుగో గేరు దాకా నేర్చుకుంది. ఇసకలో దిగబడ్డ కారుని తోసేటప్పుడు అల్లుడూ అత్తగారూ ఇద్దరూ కలిసి బోర్లా పడ్డారు. ఒకరినొకరు చూసుకుని, ఎవరు ముందు నవ్వారో గానీ, పడ్డచోటి నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

తిరిగి వచ్చాక అంబులెన్సు ఎప్పటిలాగే దూసుకుపోయింది. అందులో మార్పు లేదు, ఉండకూడదు కూడా. అయితే డ్యూటీ దిగాక సైరన్ ఒక్కొక్కరోజు వార్డులవైపు వెళ్లసాగాడు. మొట్టమొదట ఆ పెద్దాయన గురించే అడిగాడు. నర్సు కళ్లు పెద్దవి చేసింది. “ఆయనా? పోయిన వారమే ఇంటికెళ్లాడు. వెళ్లేటప్పుడు కూడా మీ డ్రైవింగునే తిట్టుకుంటూ వెళ్లాడు.” సైరన్ ఆ తిట్లన్నీ ఏమిటో అడిగి మరీ చెప్పించుకుని, మెట్లన్నీ ఈల వేసుకుంటూ దిగాడు. అన్నిసార్లూ అలాంటి కబురే ఉండదు. కొన్ని రోజులు ఇంటికొచ్చి నేరుగా పెరట్లోకి వెళ్లి మొక్కలకి నీళ్లు పోస్తాడు. భార్యకి తెలుస్తుంది, పక్కన వచ్చి నిలబడుతుంది. కానీ అతను భయపడ్డట్టు మలుపులో చెయ్యి ఎప్పుడూ వణకలేదు.

మరుసటేడు సెలవులకి ఎవరూ అడగకముందే అతనే మ్యాప్ తెచ్చి బల్ల మీద పరిచాడు. ఈసారి ఒడ్డు వెంట రెండోవైపుకి, ఉత్తరంగా. లైసెన్సు చేతికొచ్చిన కూతురు మ్యాప్ మీద వేలు పెట్టి, “ఇక్కడికి మధ్యాహ్నానికి వెళ్లిపోవచ్చు నాన్నా” అంది హుషారుగా.

“వెళ్లొచ్చు” అన్నాడు అతను కళ్లజోడు సవరించుకుని. “ఈ మధ్యలో ఈ చిన్న అఖాతం చూడు, ఎంత ముద్దుగా ఉందో. ఇక్కడ నీళ్లు లోతుండవేమో. మీ అమ్మమ్మకి ఈత నేర్పుదాం.”

వంటింట్లోంచి గిన్నె కింద పడ్డ చప్పుడైంది. “నాకా?” అంది అత్తగారు గుమ్మంలోకి వచ్చి, భయమో సంతోషమో తెలియని ముఖంతో. ఒక్క క్షణం తర్వాత మనవరాలి వైపు తిరిగి అడిగింది: “ఒసే, ఈతకి ఏ బట్టలు వేసుకుంటారే?”